పాత ఫియట్ చెప్పే లెక్క

హైదరాబాదు నుంచి మొయినాబాద్ మీదుగా చేవెళ్ల వెళ్ళే బస్సు మీరెప్పుడైనా ఎక్కారా? ఎక్కి ఉంటే కిటికీ పక్క సీటు కోసం తప్పకుండా పోట్లాడే ఉంటారు. పోలీసు అకాడమీ దాటిన తరవాత రోడ్డుకు రెండు పక్కలా మర్రిచెట్లు మొదలవుతాయి. చాలాచోట్ల అటు కొమ్మలూ ఇటు కొమ్మలూ పైన కలుసుకుని పెళ్ళిపందిరి వేసినట్టు కనిపిస్తాయి. ఎండాకాలంలో ఆ నీడలోకి బస్సు ప్రవేశించగానే ఒంటికి హాయిగా తెలుస్తుంది.

ఈ చెట్లు నిజాం కాలం నాటివి. అక్కడి నుంచి మన్నెగూడ దాకా సుమారు 46 కిలోమీటర్ల దారిలో 900కు పైగా మర్రిచెట్లు ఉన్నట్టు లెక్క తేలింది. ఈ రోడ్డు బీజాపూర్ దాకా పోతుంది. దీన్ని రెండు వరసల నుంచి నాలుగు వరసలకు పెంచాలన్నప్పుడు పెద్ద తగాదా వచ్చింది. "చెట్లు అడ్డం, మనుషులు చనిపోతున్నారు, కొట్టేయాలి" అని కొందరన్నారు. "వందేళ్ళ చెట్లను మళ్ళీ ఎవరు పెంచి ఇస్తారు?" అని మరికొందరన్నారు. సంగతి జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. 2025 చివరలో విస్తరణకు అడ్డు తొలగింది. చాలా చెట్లను ఉన్నచోటే ఉంచి, కొన్నిటిని వేళ్ళతో సహా తీసి మరోచోట నాటాలని ప్రణాళిక వేశారు.

ఆ రోజుల్లోనే ఒక ఘోరం జరిగింది. 2025 నవంబరు 3వ తేదీ ఉదయం చేవెళ్ల దగ్గర మీర్జాగూడ వద్ద కంకర లారీ, ఆర్టీసీ బస్సు ఎదురెదురుగా ఢీకొన్నాయి. సుమారు ఇరవై మంది చనిపోయారు. వాళ్ళలో మీలాగే చదువుకుంటున్నవాళ్ళు కూడా ఉన్నారు. కనుక ఇది పెద్దవాళ్ళ తగాదా, మనకెందుకు అని మీరు ఊరుకోవడానికి వీల్లేదు. ఆ బస్సుల్లో బడికీ కాలేజీకీ వెళ్ళేది మీరే.

చెట్టు ఒక పక్క, మనిషి ఒక పక్క నిలబడ్డారు. మూడోవాడు మాత్రం ఎవరికీ కనబడకుండా తప్పించుకున్నాడు. అతని పేరు వేగం. అతన్ని బోనులో నిలబెట్టడానికి నేనొక సాక్షిని పిలుస్తాను. ఆ సాక్షి మనిషి కాదు, ఒక పాత ఇటలీ కారు.

సాక్షి పేరు ఫియట్ 501

ఇటలీలో టూరిన్ అనే నగరం ఉంది. ఇటలీవాళ్ళు దాన్ని టొరీనో అంటారు. అక్కడ 1899లో ఒక మోటారు కార్ల కంపెనీ పుట్టింది. "టొరీనో నగరంలోని ఇటలీ మోటారు కార్ల కర్మాగారం" అని దాని పేరుకు అర్థం. వాళ్ళ భాషలోని ఆ పొడుగాటి పేరులో నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిందే ఫియట్. మీ తాతగారిని అడగండి, ఆ పేరు వినగానే ముఖం వికసిస్తుంది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ ఈ ఫియట్ నమూనాతోనే కార్లు తయారుచేసేది. ఆ కారే తరవాత 'పద్మిని' అయింది. అంబాసిడరూ, ఫియటూ అనే రెండు పేర్లతోనే మన దేశంలో ఎన్నో ఏళ్ళు కార్ల ముచ్చట గడిచిపోయింది.

1899 నాటి మొట్టమొదటి ఫియట్ గంటకు 35 కిలోమీటర్లు పోయేది. దానికి వెనక్కి నడిచే గేరే లేదు! నేను పిలిచిన సాక్షి దాని తరవాతిది. ఫియట్ 501 కారు మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1919లో వచ్చింది. కార్లో కవల్లి అనే ఇంజనీరు దాన్ని రూపొందించాడు. 1926 దాకా వేల సంఖ్యలో తయారైంది. సరిగ్గా ఆ కాలంలోనే, 1920లో, మొయినాబాద్ దాపున గండిపేట చెరువు, అంటే ఉస్మాన్ సాగర్, కట్టడం పూర్తయింది. ఈ కారుకు నీటి వనరుతో సంబంధమేమీ లేదు. ఎంత కాలం కిందటి సంగతో మీకు తెలియడానికి చెప్పాను.

దీని ఇంజనులో నాలుగు సిలిండర్లు. ఒక్కొక్కదాని వ్యాసం 65 మిల్లీమీటర్లు. లోపల ముషలకం కింది నుంచి పైకి నడిచే దూరం 110 మిల్లీమీటర్లు. మీకు వర్తులస్తంభం ఘనపరిమాణం తెలుసు కదా? కాగితం తీసుకోండి. వ్యాసార్ధం 3.25 సెంటీమీటర్లు. దాని వర్గాన్ని 3.14 తో హెచ్చించి, మళ్ళీ 11 తో హెచ్చించండి. సుమారు 365 ఘన సెంటీమీటర్లు వస్తుంది. నాలుగు సిలిండర్లకు 1460. కార్ల ప్రకటనల్లో "ఇన్ని సి.సి." అని రాస్తారే, అది ఇదే. లెక్కల పుస్తకంలోని వర్తులస్తంభమే రోడ్డు మీద పరిగెత్తుతోందన్నమాట.

ఇంత ఇంజనూ ఇచ్చే శక్తి 23 అశ్వశక్తి మాత్రమే. బొంబాయి ఫియట్ ఇంజను దీనికంటె చిన్నది, 1089 సి.సి. కాని దాని శక్తి సుమారు 40. నేటి కార్లలో ఇంచుమించు అంతే పరిమాణం ఉన్న ఇంజను 80 అశ్వశక్తి ఇవ్వడం మామూలైంది. పెట్రోలు-గాలి మిశ్రమాన్ని ఎక్కువగా నొక్కి మండించడం, ఇంజనును ఎక్కువ చుట్లు తిప్పడం మనిషి నేర్చుకున్నాడు. ఇది మెచ్చుకోవలసిన విద్యే.

23 అశ్వశక్తితో ఫియట్ 501 గంటకు సుమారు 70 కిలోమీటర్లు పోగలిగేది. అంతకు మించి పొమ్మన్నా పోదు. ఈ 70 అనే అంకెను జ్ఞాపకం ఉంచుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

పోవడం కంటె ఆగడం కష్టం

కారు ఎంత వేగంగా పోతుందని అందరూ అడుగుతారు. ఎంత దూరంలో ఆగుతుందని అడిగేవాళ్ళు తక్కువ. రోడ్డు మీద ప్రాణం నిలిపేది రెండో ప్రశ్న.

తొలి రోజుల ఫియట్ 501 కార్లకు బ్రేకులు వెనక చక్రాలకే ఉండేవి. ముందు చక్రాలకు బ్రేకులు తరవాత వచ్చాయి. వెనక బ్రేకులు చాలవా? బస్సు డ్రైవరు గట్టిగా బ్రేకు వేసినప్పుడు మీరు ఎటు తూలుతారు? ముందుకు. బండి బరువు కూడా అలాగే ముందు చక్రాల మీదికి తూలుతుంది. వెనక చక్రాల మీద బరువు తగ్గుతుంది. బరువు తగ్గితే నేలకూ టైరుకూ మధ్య ఘర్షణ తగ్గుతుంది. ఇక చక్రం పట్టు తప్పి జారిపోతుంది. సైకిలు వెనక బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టి చూసినవాళ్ళకు ఈ సంగతి అనుభవమే.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. వెనక బ్రేకుల పాత ఫియట్ తన వేగాన్ని ప్రతి సెకనుకూ సెకనుకు 3 మీటర్ల చొప్పున తగ్గించుకోగలదనుకుందాం. నాలుగు చక్రాలకూ మంచి బ్రేకులున్న నేటి కారు, పొడి తారు రోడ్డు మీద, సెకనుకు 7 మీటర్ల చొప్పున తగ్గించుకోగలదనుకుందాం. డ్రైవరు ప్రమాదాన్ని చూసి కాలితో బ్రేకు తొక్కేటప్పటికి ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో బండి అదే వేగంతో పోతూనే ఉంటుంది. తరవాత బ్రేకు పని మొదలవుతుంది. బ్రేకు పడ్డాక పోయే దూరం కావాలంటే, వేగాన్ని వర్గం చేసి, వేగం తగ్గే రేటుకు రెండింతలతో భాగించాలి.

పాత ఫియట్ గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 20 మీటర్లతో, వస్తోంది. మొదటి సెకనులో 20 మీటర్లు. బ్రేకు పడ్డాక 400 ను 6 తో భాగించగా 67 మీటర్లు. మొత్తం 87 మీటర్లు.

అదే వేగంతో నేటి కారు వస్తే? మొదటి సెకనుకు 20 మీటర్లు, తరవాత 400 ను 14 తో భాగించగా 29 మీటర్లు. మొత్తం 49 మీటర్లు. ఎంత అభివృద్ధి! చప్పట్లు కొట్టవచ్చు.

కొంచెం ఆగండి. నేటి కారును ఆ వేగంతో ఎవరు నడుపుతున్నారు? రోడ్డు ఖాళీగా కనబడితే గంటకు 108, అంటే సెకనుకు 30 మీటర్లు. అప్పుడు మొదటి సెకనుకు 30, తరవాత 900 ను 14 తో భాగించగా 64. మొత్తం 94 మీటర్లు!

చూశారా? వందేళ్ళలో ఎందరో ఇంజనీర్లు కష్టపడి బ్రేకులను రెండింతలకు పైగా మెరుగుపరచారు. ఆ లాభమంతా వేగం తినేసి, ఇంకా ఏడు మీటర్లు అప్పు పెట్టింది. పాత ఫియట్ డ్రైవరు కంటె నేటి డ్రైవరు కొంచెం దూరంగానే ఆగుతున్నాడు. అతని కన్నూ కాలూ మాత్రం వందేళ్ళ కిందటివాడి కంటె ఏమీ చురుకు కాలేదు. సాక్షి చెప్పవలసిన ముఖ్యమైన మాట ఇదే.

దీనికంతటికీ మూలం 'వర్గం' అనే చిన్న మాట. వేగం రెండింతలైతే గతిజశక్తి నాలుగింతలవుతుంది. మూడింతలైతే తొమ్మిదింతలవుతుంది. ఇంకో రకంగా చెబుతాను. సెకనుకు 10 మీటర్ల వేగంతో గోడకు కొట్టుకోవడం అంటే 5 మీటర్ల ఎత్తు నుంచి కింద పడటంతో సమానం. 20 మీటర్ల వేగమైతే 20 మీటర్ల ఎత్తు నుంచి, అంటే బాగా ఎదిగిన తాటిచెట్టు చివర నుంచి పడినట్టు. 30 మీటర్ల వేగమైతే 45 మీటర్ల ఎత్తు నుంచి, అంటే పదిహేను అంతస్తుల మేడ మీద నుంచి పడినట్టు. తాటిచెట్టు చివర నిలబడితే మనకు కాళ్ళు వణుకుతాయి. అదే వేగంతో కారులో కూర్చుంటే నిద్ర వస్తుంది. ఎత్తును చూసి భయపడటం మన కళ్ళకు వచ్చు, వేగాన్ని చూసి భయపడటం రాదు. అందుకే లెక్క కావాలి.

చెట్టు నేరస్థురాలా?

మర్రిచెట్టు మీదికి ఎవరూ రాలేదు, అది ఎవరి మీదికీ పోలేదు. అయినా నిజం నిజంగానే చెప్పుకోవాలి. తారు అంచుకు ఆనుకుని లావైన మాను ఉంటే, అదుపు తప్పిన బండికి అది గోడతో సమానం. రాత్రిపూట, వానపూట అది ఇంకా ప్రమాదం. డివైడరు లేని రెండు వరసల రోడ్డు మీద ఎదురుగా వచ్చే బండి అంతకంటె పెద్ద ప్రమాదం. చెట్లను ప్రేమించేవాళ్ళు ఈ రెండు సంగతులనూ కాదనకూడదు. ఈ రోడ్డు మారవలసిందేనని నేనూ ఒప్పుకుంటాను.

కాని చెట్ల వల్ల వచ్చేదాన్ని కూడా లెక్కలో వేయాలి కదా. మర్రిపువ్వులు బయటికి కనబడవు. మనం కాయ అనుకునే గుండ్రటి బుడిపె లోపలే అవి ఉంటాయి. ఒక చిన్న కందిరీగ లోపలికి దూరి పరాగసంపర్కం చేస్తుంది. ఆ పండ్లను పక్షులూ గబ్బిలాలూ ఉడతలూ తింటాయి. చుట్టూ పొలాలూ ఇళ్ళూ పెరుగుతున్న ఈ ప్రాంతంలో ఈ చెట్ల వరసే వాటికి ఊరు. కొమ్మల నుంచి దిగిన ఊడలు నేలను తాకి మళ్ళీ మానులవుతాయి. అలాంటి చెట్టును పెంచడానికి డబ్బు చాలదు, వందేళ్ళు కావాలి.

ఈ చెట్లను ఎవరి కోసం నాటారో కూడా తలచుకోండి. రోడ్డు మీద అప్పుడు నడిచింది కాలినడక మనుషులు, ఎడ్లబండ్లు, అక్కడక్కడ ఒక మోటారు. ఫియట్ 501 లాంటి బండ్లకు చాలావాటికి గట్టి కప్పు ఉండేది కాదు, మడిచే గుడ్డ కప్పే. అటువంటివాళ్ళకు నీడే గొప్ప సౌకర్యం. ఆనాటి వేగానికి ఆనాటి రోడ్డూ, ఆనాటి చెట్లూ సరిపోయాయి. తరవాత చెట్టు కదలలేదు, రోడ్డు పెద్దగా మారలేదు. మారింది వేగం. తగాదా పెట్టిన మూడోవాడు ఇతనే.

నేను కోరేది

ఇక ఆ 70 దగ్గరికి వద్దాం. 2018లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన పరిమితుల ప్రకారం, నడుమ డివైడరు ఉన్న నాలుగు వరసల రోడ్డు మీద కారు గంటకు 100 కిలోమీటర్ల దాకా పోవచ్చు. డివైడరు లేని మామూలు రోడ్డు మీద గరిష్ఠ వేగం 70. రాష్ట్రాలు కావాలంటే ఇంకా తగ్గించుకోవచ్చు. అంటే పాత ఫియట్ తన ఊపిరంతా బిగబట్టి పోగలిగిన వేగమే మన రెండు వరసల రోడ్డుకు చట్టం పెట్టిన హద్దు.

రోడ్డు వెడల్పయితే హద్దు 70 నుంచి 100 కు పోతుంది. మళ్ళీ వర్గం చేయండి. 70 వర్గం 4900. 100 వర్గం 10000. రెండింతలు! అంటే రోడ్డు వెడల్పు చేసినందువల్ల ప్రతి బండిలోనూ దాగి ఉండే శక్తి రెండింతలు కావడానికి అనుమతి ఇచ్చినట్టే. డివైడరు ఇచ్చే రక్షణలో ఎంతో భాగాన్ని ఆ శక్తి తినేయదా? పాత ఫియట్ బ్రేకుల కథే మళ్ళీ జరగదా?

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాటిలో సుమారు 71 శాతం మరణాలకు కారణం మితిమీరిన వేగమని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి.

కనుక నా అభిప్రాయం ఇది. రోడ్డు వెడల్పు చేయండి. నడుమ డివైడరు వేయండి. చెట్లున్నచోట వాటికి అటొక దారి, ఇటొక దారి తీయండి. మానులకు ముందు ఇనుప కంచె, రాత్రి మెరిసే బిళ్ళలు పెట్టండి. కాని చెట్లూ ఊళ్ళూ ఉన్నంత మేరా వేగం హద్దు 70 దగ్గరే ఉంచండి. ఉంచి, గట్టిగా అమలు చేయండి.

"అంత నెమ్మదిగానా? కాలం వృథా కాదూ?" అని ఎవరైనా అడిగితే ఇంకో లెక్క చెప్పండి. 46 కిలోమీటర్లు 100 వేగంతో పోతే సుమారు 28 నిమిషాలు. 70 వేగంతో పోతే సుమారు 40 నిమిషాలు. తేడా పన్నెండు నిమిషాలు, అంటే మీ బడిలో ఇంటర్వెల్ అంత! దారి పొడుగునా ఆ వేగంతో ఎవరూ పోలేరు కాబట్టి నిజంగా మిగిలేది ఇంకా తక్కువ. దానికోసం ప్రతి బండికీ రెండింతల శక్తిని అప్పగిద్దామా?

మీరు చేయగలిగింది

నా మాట నమ్మమని అనను. పరీక్షించి చూడండి. మీ స్నేహితుడు 30 సెంటీమీటర్ల స్కేలును నిలువుగా పట్టుకుంటాడు. కింది అంచు దగ్గర మీరు రెండు వేళ్ళు తెరిచి ఉంచండి. అతను చెప్పకుండా వదిలేస్తాడు, మీరు పట్టుకోవాలి. 20 సెంటీమీటర్ల గీత దగ్గర పట్టుకుంటే మీకు పట్టిన కాలం 0.2 సెకను. ఇది ఎదురుచూస్తూ కూర్చున్నవాడి వేలు. వేరే ఆలోచనలో ఉన్న డ్రైవరు కాలు ఒక సెకను తీసుకోవడంలో వింత ఏముంది? ఇక ఆ డ్రైవరు చేతిలో ఫోను ఉంటే ఎంతవుతుందో మీరే ఊహించండి.

తరవాత మీ సైన్సు టీచరును వెంటబెట్టుకుని, రోడ్డుకు దూరంగా, భద్రమైన చోట నిలబడండి. వంద మీటర్ల దూరంలో ఉన్న రెండు గుర్తులు చూసుకోండి. ఒక బండి ఆ రెంటినీ దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. ఐదు సెకన్లయితే గంటకు 72 కిలోమీటర్లు. నాలుగు కంటె తక్కువైతే 90 దాటినట్టు. యాభై బండ్ల లెక్క పట్టిక వేసి బడి గోడమీద అతికించండి. ఒక నకలు పంచాయతీకి ఇవ్వండి. అంకెలున్న కాగితాన్ని చూసీ చూడనట్టు పక్కన పెట్టడం అంత సులభం కాదు.

మీలో చాలామంది కొన్నేళ్ళలో మోటారు సైకిలో, కారో నడుపుతారు. అప్పుడు దాని అశ్వశక్తి ఎంత, సి.సి. ఎంత అని తప్పకుండా అడుగుతారు. అడగండి, తప్పులేదు. కాని ఆ రోజు మర్రిచెట్ల కింద ఈ పాత ఫియట్‌ను ఒకసారి తలచుకుని, రెండో ప్రశ్న కూడా అడగండి: ఈ వేగంతో పోతే నేను ఎంత దూరంలో ఆగగలను?